సుబాబుల్ కర్రలో కాగితం కాకుండా ఇంకేముంది? సెల్యులోజ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పొన్నలూరు తోట
అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, పొన్నలూరు మండలం. మెట్ట పొలం. బోర్లు ఎండిపోయాక మా నాన్న పొలమంతా సుబాబుల్ చెట్లు పెట్టాడు. ఈమధ్యే కటింగ్ అయింది. కాటా దగ్గర లారీ డ్రైవర్‌ని ఇదంతా పేపరు మిల్లుకేనా అని అడిగితే, "ఎక్కువ పేపరుకే, కానీ ఇట్టాంటి కర్రలోంచే బట్ట కూడా తీస్తారంట" అన్నాడు. ఇంటికొచ్చి వెతికితే ప్రతిచోటా సెల్యులోజ్ అనే మాటే కనపడింది. మందుబిళ్లల్లో, ఐస్‌క్రీమ్‌లో, గోడ పుట్టీలో, సిగరెట్ ఫిల్టర్‌లో, ఆఖరికి కంట్లో వేసుకునే చుక్కల మందులో కూడా.

నాకు రెండు సంగతులు తెలియాలి. ఒకే పదార్థం ఇన్ని రకాలుగా ఎట్టా మారుతుంది? రెండోది, మా కర్రకి పేపరు రేటే ఇస్తున్నారు. బట్టకీ మందుకీ పనికొచ్చేటప్పుడు ఆ రేటు రైతుకి వచ్చే దారి ఏదన్నా ఉందా?

రసాయనం మాస్టారు
బాబూ, మంచి ప్రశ్న వేశావు. నేను కావలిలో చాలాకాలం కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మొదటిదానికి నేను చెబుతాను. రెండోది మిల్లు లోపల పనిచేసినవాళ్లు చెప్పాలి.

సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ గొలుసు. 1838లో ఫ్రాన్స్‌లో ఆన్సెల్మ్ పయాన్ అనే శాస్త్రవేత్త మొక్కల్లోంచి దీన్ని వేరు చేసి చూపించాడు. మనం తినే అన్నంలోని పిండి పదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే. తేడా అంతా ఒక గ్లూకోజ్ ఇంకో గ్లూకోజ్‌తో అతుక్కునే తీరులో ఉంది. పిండిలో ఆల్ఫా బంధం, సెల్యులోజ్‌లో బీటా బంధం. ఆల్ఫా బంధాన్ని మన ఒంట్లోని ఎంజైములు తెంపగలవు, బీటాని తెంపలేవు. అందుకే అన్నం అరుగుతుంది, గడ్డి అరగదు.

బీటా బంధం వల్ల గొలుసు వంకర తిరగకుండా తిన్నగా సాగుతుంది. తిన్నటి గొలుసులు పక్కపక్కన చేరి, హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. చెట్టు నిలబడేది ఈ పట్టు మీదే. పత్తి పోగులో 90 శాతం పైగా సెల్యులోజే. కర్రలో 40 నుంచి 50 శాతం ఉంటుంది, మిగతాది లిగ్నిన్ (పోగుల్ని అతికించి ఉంచే జిగురు లాంటిది), హెమీసెల్యులోజ్ (పొట్టి గొలుసుల చక్కెర పదార్థం).

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంత పట్టు ఉండటంవల్ల సెల్యులోజ్ నీళ్లలో కరగదు. వేడి చేసినా ద్రవం కాదు, మాడిపోతుంది. ప్లాస్టిక్‌లాగా కరిగించి అచ్చులో పోయడానికి లేదు. నూటయాభై ఏళ్లుగా సెల్యులోజ్ పరిశ్రమ చేసిన పనంతా ఈ మొండితనాన్ని లొంగదీయడమే. గొలుసులో ప్రతి గ్లూకోజ్‌కీ మూడు ఓహెచ్ గుంపులు ఖాళీగా ఉంటాయి. వాటిని మూడు చేతులనుకో. ఆ చేతికి ఏది పట్టిస్తే ఆ గుణం వస్తుంది. నైట్రిక్ ఆమ్లంతో నైట్రేట్ గుంపు పట్టిస్తే మందుగుండు అవుతుంది. అసిటిక్ పట్టిస్తే ఫిల్మ్, ఫిల్టర్, కళ్లజోడు ఫ్రేమ్. మిథైల్ లాంటివి పట్టిస్తే నీళ్లలో కరిగే జిగురు. మూడింట్లో ఎన్ని చేతులు నింపామన్నదాన్ని బట్టి కూడా గుణం మారుతుంది. నీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదే.

టంగుటూరు బ్యారన్
మాస్టారూ, బాగా చెప్పారు. మేము తరతరాలుగా పొగాకు వేస్తున్నాం, వేలం కేంద్రానికి బేళ్లు తోలుతుంటాం. సిగరెట్ ఫిల్టర్‌లో తెల్లగా ఉండేది పత్తేనని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. పత్తయితే వానకి తడిసి మట్టిలో కలవాలి కదా. టీకొట్టు వెనక పారేసినవి ఏళ్ల తరబడి అట్టాగే పడుంటున్నాయి. ఎందుకని?

రసాయనం మాస్టారు
అది పత్తి కాదు నాయనా, సెల్యులోజ్ అసిటేట్. కర్ర గుజ్జుకి అసిటిక్ ఎన్‌హైడ్రైడ్ అనే రసాయనంతో అసిటైల్ గుంపులు పట్టించి, అసిటోన్‌లో కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి పోగులుగా లాగుతారు. ఒక్క ఫిల్టర్‌లో 12,000కు పైగా పోగులుంటాయి. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు మామూలు సెల్యులోజ్‌ని తినేస్తాయి. ఇక్కడ మూడు చేతుల్లో సగటున రెండున్నర దాకా అసిటైల్‌తో నిండిపోయి ఉంటాయి. వాటి ఎంజైముకి పట్టు దొరకదు. ముందు అసిటైల్ గుంపులు ఊడాలి, తర్వాతే కుళ్లడం మొదలవుతుంది. కర్రలోంచి పుట్టింది కాబట్టి మట్టిలో కలిసిపోతుంది అనుకోవడానికి లేదు. దయచేసి ఈ సంగతి ఊళ్లో పిల్లలకి చెప్పండి. చెరువు గట్టున పారేసినవి చివరికి నీళ్లలోకే చేరతాయి.

పాత పల్ప్ ల్యాబ్
నేను ఒక గుజ్జు మిల్లు ల్యాబ్‌లో పనిచేసి వచ్చాను, ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. రెండో ప్రశ్నకి నాకు తెలిసింది చెబుతా.

పొన్నలూరు తమ్ముడూ, గుజ్జులో రెండు రకాలున్నాయి. ఒకటి పేపరు గుజ్జు. చిప్పర్‌లో ముక్కలు కొట్టిన కర్రని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో ఒత్తిడి మీద ఉడికిస్తారు. దీన్నే క్రాఫ్ట్ పద్ధతి అంటారు. లిగ్నిన్ కరిగి నల్లటి లిక్కర్‌గా బయటికి పోతుంది. దాన్ని బాయిలర్‌లో కాల్చి కరెంటు తీసుకుంటారు, రసాయనాలు తిరిగి రాబట్టుకుంటారు. ఇక్కడ హెమీసెల్యులోజ్ కొంత మిగిలి ఉండటమే మంచిది, పోగులు ఒకదానికొకటి అతుక్కోవడానికి అది పనికొస్తుంది. వంద కిలోల ఎండు కర్రకి 45 నుంచి 50 కిలోల గుజ్జు వస్తుంది.

రెండోది రేయాన్ గ్రేడ్ గుజ్జు. బట్టకి, సెల్లోఫేన్‌కి, అసిటేట్‌కి కావలసింది ఇది. దీంట్లో హెమీసెల్యులోజ్ దాదాపు ఉండకూడదు. ఉడికించే ముందే ఆవిరితో దాన్ని ఊడగొట్టాలి. దిగుబడి 40 కిలోల లోపుకి పడిపోతుంది. గుజ్జు ధర ఎక్కువే, కానీ కర్ర, ఆవిరి, రసాయనాల ఖర్చు కూడా ఎక్కువే.

ఇక రేటు సంగతి. మిల్లు కర్రని టన్ను లెక్కన కొంటుంది. తొక్క తీశారా లేదా, లావు ఎంత, తేమ ఎంత, ఇవే చూస్తారు. నీ కర్రలో సెల్యులోజ్ ఎంత శాతం అని కాటా దగ్గర ఎవరూ కొలవరు. అది గుజ్జు అయ్యాకే తేలుతుంది, అప్పటికి కర్ర మిల్లుది అయిపోయింది. బట్టకి పోయే కర్రయినా రైతుకొచ్చేది కర్ర రేటే. దగ్గర్లో రేయాన్ గుజ్జు మిల్లు ఒకటుంటే పోటీ వల్ల రేటు కాస్త కదిలేది. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో ఉన్న రేయాన్ గుజ్జు మిల్లు 2014లో ఆగిపోయింది. కర్ణాటకలో హరిహర్ దగ్గర జామాయిల్ కర్రతో ఈ గుజ్జు తీస్తున్నారు, కానీ లారీ బాడుగకే మీ లాభం పోతుంది.

మీ చేతిలో ఉన్నవి చెబుతాను. కొట్టిన కర్రని తోటలో రోజుల తరబడి ఎండనివ్వకుండా తోలండి, ఎండితే తూకం పోతుంది. ఆలస్యం వ్యాపారి వల్ల జరిగితే ఆ నష్టం ఎవరిదో ముందే మాట్లాడుకోండి. నరికిన మోడు నుంచి వచ్చే పిలకల్లో రెండో మూడో బలమైనవి ఉంచి మిగతావి తీసేయండి. అన్నీ వదిలేస్తే సన్న కర్ర వస్తుంది, దానికి కోత పెడతారు.

పొన్నలూరు తోట
అన్నా, చాలా థ్యాంక్స్. మాకు సరిగ్గా ఆ ఆలస్యం దగ్గరే దెబ్బ పడింది. లారీ రేపు మాపు అంటూ తిప్పారు, ఈలోగా ఎండలకి కర్ర తేలికైపోయింది. ఈసారి లారీ ఖాయమయ్యాకే కటింగ్ పెడతాం.

బట్ట సంగతి కూడా కాస్త చెప్పండి. కర్ర పోగులు ఎట్టా అవుతుంది?

పాత పల్ప్ ల్యాబ్
గుజ్జు షీట్లని 18 శాతం కాస్టిక్ సోడాలో నానబెట్టి, పిండి, తురుముతారు. కొన్ని గంటలు మాగబెట్టి కార్బన్ డైసల్ఫైడ్ కలుపుతారు. తురుము నారింజ రంగుకి తిరుగుతుంది. దాన్ని పలచటి కాస్టిక్‌లో వేస్తే తేనె రంగులో చిక్కటి ద్రవం వస్తుంది, అదే విస్కోస్. సూది మొన కంటే సన్నటి రంధ్రాల్లోంచి ఆ ద్రవాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లం తొట్టిలోకి వదిలితే బయటికొచ్చిన మరుక్షణమే మళ్లీ సెల్యులోజ్ పోగుగా గట్టిపడుతుంది. 1892లో క్రాస్, బెవన్, బీడిల్ అనే ముగ్గురు ఇంగ్లాండులో దీనికి పేటెంట్ తీసుకున్నారు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని నాగ్దాలో 1954లో విస్కోస్ పోగుల తయారీ మొదలైంది. రేయాన్ నైటీలు, లుంగీలు, చీరల్లో ఇదే ఉంటుంది. అదే ద్రవాన్ని రంధ్రాల బదులు సన్నటి చీలికలోంచి వదిలితే సెల్లోఫేన్ కాగితం వస్తుంది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. కార్బన్ డైసల్ఫైడ్ మంచిది కాదు. ఏళ్ల తరబడి పీల్చిన కార్మికులకి నరాలు దెబ్బతింటాయి. ఇప్పుడు లయోసెల్ అనే పద్ధతి వచ్చింది. అందులో వేరే ద్రావణిలో సెల్యులోజ్‌ని నేరుగా కరిగించి పోగు తీస్తారు, ఆ ద్రావణిలో 99 శాతం దాకా తిరిగి రాబడతారు. బట్ట కొనేటప్పుడు లేబుల్ మీద లయోసెల్ అని ఉంటే అది ఈ రకం.

దర్శి పెయింటింగ్ పని
నేను గోడలకి పుట్టీ, పెయింట్ పని చేస్తాను. పుట్టీలో సెల్యులోజ్ ఉందని ఇప్పుడే వింటున్నా. పుట్టీ కలిపాక పది నిమిషాలు వదిలి మళ్లీ కలపమని బ్యాగ్ మీద రాసుంటుంది. మా కుర్రాళ్లు ఆగరు. ఆగకపోతే ఏమవుతుంది? ఇంకోటి, ఎండాకాలం పుట్టీ పట్టీకి సరిగ్గా సాగదు, గోడ మీద పొడిపొడిగా అయిపోతుంది. కారణం ఇదేనా?

శైలజ ఫార్మా
అన్నా, నాది మందుల తయారీ. మేం బిళ్లల్లో వాడే హెచ్‌పీఎంసీయే మీ పుట్టీలో కూడా ఉంటుంది. పూర్తి పేరు హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్. గ్రేడు వేరు, సరుకు ఒకటే. వంద కిలోల పుట్టీలో అర కిలో ప్రాంతంలో వేస్తారు, పనంతా అదే చేస్తుంది.

తెల్ల సిమెంటు గట్టిపడాలంటే నీళ్లు కావాలి. పొడి గోడ ఆ నీళ్లని లాగేస్తుంది. పైన ఎండ లాగేస్తుంది. హెచ్‌పీఎంసీ నీళ్లని పట్టుకుని సిమెంటుకి అందేదాకా ఆపుతుంది. కానీ పొడి రేణువు తడవగానే పైన జిగురు పొర కడుతుంది, లోపలికి నీరు దిగడానికి టైం పడుతుంది. ఆ పది నిమిషాలు అందుకే. ఆగకుండా పూస్తే కరగని రేణువులు గోడ మీద తర్వాత ఉబ్బి, చిన్న చిన్న పొక్కులుగా కనపడతాయి.

ఎండాకాలం సంగతి మీరు చెప్పింది కరెక్టే. చక్కెర, ఉప్పు వేడి నీళ్లలో బాగా కరుగుతాయి. హెచ్‌పీఎంసీ దానికి రివర్స్. చన్నీళ్లలో కరుగుతుంది, వేడి నీళ్లలో కరగదు. వేడెక్కే కొద్దీ నీటిని పట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. మే నెలలో డాబా మీద ట్యాంకు నీళ్లతో కలిపి, ఎండ కొట్టే గోడకి పూస్తే పొడిపొడి అవడం ఖాయం. నీడలో పెట్టిన డ్రమ్ము నీళ్లు వాడండి, గోడని ముందు తడపండి, పడమటి గోడని పొద్దున్నే చేయండి. టైల్స్ అతికించే పౌడర్‌కి కూడా ఇదే వర్తిస్తుంది.

దర్శి పెయింటింగ్ పని
అమ్మా, ఆ పొక్కులు మేం చాలా ఇళ్లలో చూశాం. పేపరుతో రుద్ది మళ్లీ కోటింగ్ వేయాల్సి వస్తుంది, కూలి మా నెత్తిన పడుతుంది. రేపటి నుంచి కుర్రాళ్లు ఎంత గొణిగినా పది నిమిషాలు ఆపుతాను.

శైలజ ఫార్మా
మందుల సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. ఇది ఇంట్లో పెద్దవాళ్లకి పనికొచ్చేది.

బిళ్లలో మందు కొన్నిసార్లు ఐదు మిల్లీగ్రాములే ఉంటుంది. అంత పొడిని బిళ్లగా కొట్టలేం. అందుకని మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ కలుపుతాం. మిషన్ ఒత్తిడికి అది గట్టిగా అతుక్కుంటుంది. అతుక్కుంటే చాలదు, కడుపులో విడిపోవాలి కూడా. దానికి క్రాస్‌కార్మెల్లోజ్ అనే ఇంకో సెల్యులోజ్ రకం వేస్తాం. నీరు తగలగానే ఉబ్బి బిళ్లని లోపలినుంచి పగలగొడుతుంది. పైన రంగు కోటింగ్ హెచ్‌పీఎంసీ. శాకాహార క్యాప్సూల్ అన్న చోట గుల్ల కూడా అదే. పొడి కళ్లకి వేసే చుక్కల్లో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, అంటే సీఎంసీ. అది టూత్‌పేస్టుని చిక్కగా ఉంచుతుంది, ఐస్‌క్రీమ్‌లో ఐసు గడ్డలు పెరగనివ్వదు. ప్యాక్ వెనక ఐఎన్‌ఎస్ (తినేవాటిలో కలిపే పదార్థాలకి ఇచ్చే నంబరు) 466 అని కనపడితే అది సీఎంసీ. 460 అంటే సెల్యులోజ్. మనకి అరగదు, బయటికి పోతుంది. చూసి భయపడాల్సిన పనిలేదు.

ముఖ్యమైనది షుగర్ బిళ్లల గురించి. మెట్‌ఫార్మిన్ పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో ఉంటే, మందు చాలావాటిలో హెచ్‌పీఎంసీ మధ్య ఇరికించి ఉంటుంది. కడుపులో తడిసి బిళ్ల చుట్టూ జెల్ పొర ఏర్పడి, గంటల తరబడి కొంచెం కొంచెంగా మందుని వదులుతుంది. మింగలేకపోతున్నామని దాన్ని నలిపి నీళ్లలో కలిపి ఇవ్వకండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందాల్సిన మందు ఒక్కసారే పడుతుంది. కొందరికి మలంలో మెత్తటి బిళ్ల ఆకారం కనపడి, మందు అరగలేదని టెన్షన్ పడతారు. మందు ఒంట్లోకి వెళ్లిపోయింది, కనపడేది ఖాళీ సెల్యులోజ్ గుల్ల. మింగడం కష్టమైతే డాక్టరుకి చెప్పండి, వేరే రకం రాస్తారు.

డీటీఆర్ ఏఈ
ఇక్కడ కరెంటు గురించి ఎవరూ రాయలేదు. నేను విద్యుత్ శాఖలో ఉన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ లోపల రాగి, అల్యూమినియం తీగల మీద చుట్టేది ఇప్పటికీ క్రాఫ్ట్ కాగితమే. అంటే మీ కర్ర లాంటి కర్రలోంచి వచ్చిన సెల్యులోజే. ఆయిల్‌లో ముంచిన కాగితానికి దీటుగా ఇంత చవకలో ఇన్సులేషన్ ఇంకా దొరకలేదు.

మాస్టారు గారు గొలుసు అన్నారే, మా దగ్గర దాన్ని కొలుస్తారు. కొత్త కాగితంలో ఒక గొలుసుకి గ్లూకోజ్‌లు సుమారు 1,000 ఉంటాయి. వేడికి, తేమకి గొలుసులు తెగుతూ పోతాయి. 200కి పడిపోతే కాగితం వేలితో నలిపితే పొడి అయిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ పని అయిపోయినట్టే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకి లోపల విప్పి చూడకుండా ఆయిల్ శాంపిల్ తీసి ఫ్యూరాన్ టెస్ట్ చేస్తారు. సెల్యులోజ్ తెగినప్పుడు పుట్టే పదార్థం ఆయిల్‌లో ఎంత ఉందో చూసి కాగితం వయసు అంచనా కడతారు.

రైతులకి ఒక మాట. కాగితం చుట్టూ వేడి ఆరు డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడుతుంది. పర్మిషన్ లేకుండా మోటార్లు తగిలిస్తే లోడు పెరిగి, ముందు మాడేది ఈ కాగితమే. ఆయిల్ వడకట్టొచ్చు, మార్చొచ్చు. కాగితం మార్చాలంటే మొత్తం రీవైండింగే. మీ పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌కి గాజు బ్రీతర్ (లోపలికి పోయే గాలిలోని తేమని ఆపేది) ఉంటే అందులో సిలికా జెల్ నీలంగా ఉండాలి. గులాబీ రంగుకి తిరిగితే తేమ లోపలికి పోతోందని అర్థం, లైన్‌మన్‌కి చెప్పండి. మీరు ముట్టుకోకండి.

కనిగిరి నీళ్లు
మా కనిగిరి ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. ఆర్వో ప్లాంటు నీళ్లు లేకపోతే మాకు గడవదు. ఈ చర్చలో ఆర్వో మాట కూడా రావాలి. ఆర్వోని ఆచరణలోకి తెచ్చిన మొదటి పొర సెల్యులోజ్ అసిటేటే. 1960 ప్రాంతంలో అమెరికాలో లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి దాన్ని తయారు చేశారు. అంతకుముందు పొరల్లోంచి నీళ్లు చుక్కలుగా కూడా సరిగ్గా రాలేదు. వీళ్లు పైన అతి పల్చటి గట్టి పొర, కింద స్పాంజిలాంటి పొర వచ్చేలా చేశారు. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగాలో దానితో ఊరికి నీళ్లిచ్చారు. ఇప్పటి ప్లాంట్లలో ఎక్కువగా పాలీఅమైడ్ పొరలు వాడుతున్నారు, దారి మాత్రం సౌరిరాజన్ వాళ్లు వేసిందే. ఆయన పేరు మా పిల్లల పాఠాల్లో ఉండాలని నా కోరిక.

శైలజ ఫార్మా
మీరు పొర అన్నారు కాబట్టి ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆచరణలో పనికొచ్చిన మొదటి డయాలసిస్ మిషన్ కూడా సెల్యులోజ్‌తోనే. 1943లో నెదర్లాండ్స్‌లో, జర్మన్ ఆక్రమణ ఉన్న రోజుల్లో, విల్లెమ్ కోల్ఫ్ అనే డాక్టరు సాసేజీల తయారీలో వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ము చుట్టూ చుట్టి, రోగి రక్తాన్ని దాంట్లో తిప్పాడు. మలినాలు బయటి నీళ్లలోకి వెళ్లాయి, రక్తకణాలు లోపలే ఉండిపోయాయి.

నెల్లూరు స్టూడియో
మాది నెల్లూరులో పాత ఫోటో స్టూడియో. మా నాన్నగారి కాలం నెగెటివ్‌లు డబ్బాల్లో ఉన్నాయి. కొన్ని డబ్బాలు తెరిస్తే పుల్లటి వాసన గుప్పుమంటోంది. ఫిల్మ్ ముడుచుకుపోయి, అలలు అలలుగా తయారైంది. అసిటేట్ అని పైన చదివాక అనుమానం వచ్చింది. ఇది కూడా అదేనా? ఆపే మార్గం ఉందా? వాటిలో ఎన్నో ఇళ్ల పెళ్లిళ్లు ఉన్నాయండీ.

రసాయనం మాస్టారు
అదే. మొదట్లో ఫిల్మ్ నైట్రోసెల్యులోజ్‌తో ఉండేది, అది భగ్గున అంటుకునేది. దానికి బదులుగా సేఫ్టీ ఫిల్మ్ పేరుతో అసిటేట్ వచ్చింది. అది అట్లా భగ్గున అంటుకోదు కానీ, తేమకీ వేడికీ చేతుల్లోని అసిటైల్ గుంపులు ఒక్కొక్కటే ఊడి అసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌గా మారతాయి. మీకు వస్తున్న వాసన అదే. ఊడిన ఆమ్లం అక్కడే ఉండిపోతే మిగతావి ఇంకా తొందరగా ఊడతాయి. నెల్లూరు ఉక్క దీనికి బాగా అనుకూలం.

వెనక్కి తీసుకురాలేం, నెమ్మది చేయగలం. వాసన వస్తున్న డబ్బాలని మంచివాటి నుంచి ఈరోజే వేరు చేయండి. మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఆవిరి లోపలే తిరుగుతుంది, కాబట్టి వాటిని కాగితం కవర్లలోకి మార్చి గాలి ఆడేచోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు. ముడుచుకోవడం మొదలైనవాటిని ముందు స్కాన్ చేయించండి, పూర్తిగా ముడుచుకున్నాక స్కానర్ మీద పడుకోవు. బాగున్నవాటిని ఏసీ ఉన్న పొడి గదిలో ఉంచండి.

పొదిలి పశువైద్యం
సెల్యులోజ్ మనకి అరగదన్నారు. ఆవుకీ సొంతంగా అరగదు. దాని మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులు అరిగిస్తాయి. మన ఒంగోలు గిత్త ఎండు గడ్డి తిని అంత బలంగా ఉండేది వాటి పుణ్యమే. వరిగడ్డిలో లిగ్నిన్, సిలికా సెల్యులోజ్‌ని కప్పేసి ఉంటాయి, అందుకే ఎంత తిన్నా పశువుకి బలం సరిపోదు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టాతో మూడు వారాలు కప్పి ఉంచండి. యూరియాలోంచి పుట్టే అమ్మోనియా ఆ కట్టుని వదులు చేస్తుంది, గడ్డిలో మాంసకృత్తుల విలువ కూడా పెరుగుతుంది.

టంగుటూరు బ్యారన్
డాక్టరు గారూ, పీసీపల్లి మండలం దివాకరపల్లిలో గడ్డి నుంచి గ్యాస్ తీసే ప్లాంటుకి 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు కదా. అదీ ఆవు పొట్టలో జరిగేదీ ఒకటేనా? ఇంకోటి, యూరియా గడ్డి దూడలకి పెట్టొచ్చా? మా ఇంట్లో రెండు చిన్నవి ఉన్నాయి.

పొదిలి పశువైద్యం
చాలావరకు ఒకటే. గాలి తగలని తొట్టిలో సూక్ష్మజీవులు నేపియర్ గడ్డిలోని సెల్యులోజ్‌ని విడగొట్టి మీథేన్ చేస్తాయి. ఆవు త్రేన్పులో బయటికొచ్చేదీ మీథేనే.

దూడల విషయంలో జాగ్రత్త. ఆరు నెలల లోపు వాటికి పెట్టకండి, వాటి పొట్టలో ఇంకా ఆ సూక్ష్మజీవులు సరిగ్గా కుదురుకోవు. పెద్ద పశువులకైనా పట్టా తీశాక గడ్డిని కాసేపు ఆరబెట్టి, ఘాటు వాసన పోయాకే వేయండి. మొదట మామూలు గడ్డిలో కొంచెం కలిపి అలవాటు చేయండి. యూరియా కలిపిన నీళ్ల బకెట్ మాత్రం పశువుకి అందేచోట పెట్టొద్దు, తాగితే ప్రాణం పోతుంది.